తేదీ లేని రాణి సూక్తులు

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ పేరిట పత్రికల్లో, వాట్సాప్‌లో తిరిగే సూక్తులకు తేదీ, సందర్భం ఉండటం లేదు. కిరీటం ఫొటో, పక్కన ఓ మంచి మాట, అంతే. ‘ప్రేమకు మనం చెల్లించే మూల్యమే దుఃఖం’ అన్న వాక్యాన్ని ప్రేమ కబుర్ల మధ్య అచ్చేయడం చూశాను. అది 2001 సెప్టెంబరు 11 దాడుల్లో చనిపోయిన బ్రిటిష్ పౌరుల కోసం న్యూయార్క్ చర్చిలో చదివిన ఆమె సందేశంలోది. 1992 నవంబరు 24 నాటి ప్రసంగం సంగతి మరీ అన్యాయం. విండ్సర్ కోట తగలబడి అప్పటికి నాలుగు రోజులు. మరమ్మతు ఖర్చు మా నెత్తిన ఎందుకని జనం మండిపడుతున్నారు. లండన్ గిల్డ్‌హాల్‌లో ఆమె బొంగురు గొంతుతోనే, ఏ సంస్థా, చివరికి రాచరికమైనా, విమర్శ తమకు తగలకూడదని ఆశించరాదన్నారు. రెండు రోజులకే రాణి ఆదాయపన్ను కడతారన్న ప్రకటన వచ్చింది. ఇదంతా కోసేసి మిగిలిన ముక్కను సూక్తి అంటే ఎలా? 70 ఏళ్లు ఏలారు కదా అని ఎవరి మాటో తెచ్చి ఆమె నోట పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇకపై సూక్తి కింద ఎక్కడ, ఏ ఏడాది అన్నారో ఒక్క లైను వేయండి. ఆధారం దొరకకపోతే, ఎంత బాగున్నా ఆ మాటను పక్కన పెట్టండి.