గూఢచార ఫైళ్ల అట్టలు కూడా విడుదల చేయండి

జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. గోప్యత ఎత్తేసిన గూఢచార ఫైళ్లను స్కాన్ చేయించేటప్పుడు దయచేసి నివేదికల పేజీలతో సరిపెట్టకండి. ఫైలు అట్ట, నోట్ షీట్లు, అందిన తేదీ ముద్రలు, ప్రతులు ఎవరెవరికి వెళ్లాయో చెప్పే జాబితా, ఖాళీగా కనిపించే వెనక వైపు, అన్నీ కావాలి. అసలు ఆధారం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఎయిడ్స్ వైరస్‌ను అమెరికా తయారుచేసిందన్న అబద్ధాన్నే తీసుకోండి. 1983 జులైలో ఢిల్లీ పత్రిక పేట్రియాట్‌లో పేరులేని ఉత్తరంగా అచ్చయింది. 1985 అక్టోబరులో సోవియట్ వారపత్రిక లితెరతూర్నయా గజెత ఒక వ్యాసంలో ఆ ఉత్తరాన్నే ఆధారంగా చూపింది. అచ్చులో కనిపించేది ఇంతే. దీని వెనక సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ చెయ్యి ఉందని చూపే కాగితం బల్గేరియా భద్రతా శాఖ ఫైళ్లలో బయటపడింది. దాని మీద తేదీ 1985 సెప్టెంబరు 7. ఆ ఒక్క తేదీ చిరిగిపోయి ఉంటే, అది సోవియట్ వ్యాసానికి ముందుదో తర్వాతదో తేలేదే కాదు!

పేర్లు దాచక తప్పకపోతే ఆ పేర్ల మీదే నలుపు పూయండి, పేజీ మాత్రం తీయకండి. తీయాల్సి వస్తే పేజీ సంఖ్య, కారణం, మళ్లీ సమీక్షించే తేదీ రాసిన చీటీ అక్కడ ఉంచండి. ఒకే పత్రం మూడు ఫైళ్లలో ఉంటే మూడూ ఇవ్వండి. అంచుల్లో అధికారులు రాసిన రాతలు ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉంటాయి.

ఇట్లు,
గూఢచార చరిత్ర పరిశోధకులు