కుక్క కోసం లోపలికి వెళ్తే నేరమా?

సంపాదకులకు నమస్కారం.

మాది మధురవాడ. మా ఇంట్లో ముధోల్ జాతి ఆడకుక్క ఉంది, పేరు గౌరి. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతంలో వేట కోసం పెంచిన జాతి ఇది. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు. దూరంగా ఏదైనా కదిలిందంటే చాలు, పరుగందుకుంటుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరమైంది గానీ, ఆ పరుగు మాత్రం దాని ఒంట్లోంచి పోలేదు.

పోయిన దీపావళి రాత్రి వీధిలో బాంబు పేలేసరికి గౌరి బెల్టు తెంచుకుని పారిపోయింది. తెల్లవార్లూ వెతికాం. పొద్దున ఏడింటికి ఆనందపురం వైపు ఒక తోట ప్రహరీ లోపలి నుంచి మూలుగు వినబడింది. గేటు కింద జానెడు సందుంది. నేల మీద బోర్లా పడుకుని చూశాను. వెనక కాలు ముళ్లతీగలో ఇరుక్కుపోయి ఉంది. నన్ను గుర్తుపట్టి తోక నేలకేసి కొట్టింది. గట్టిగా ఇరవై అడుగుల దూరం కూడా లేదు.

‘ఓనరు హైదరాబాదులో ఉంటారు బాబూ, ఆయన చెప్పకుండా గేటు తీస్తే నా ఉద్యోగం పోతాది’ అన్నాడు వాచ్‌మన్. నొప్పితో ఉన్న కుక్క దగ్గరికి వెళ్లడానికి అతనికి భయం. అందులో అతని తప్పేమీ లేదు. ఓనరు ఫోన్ ఎత్తలేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, గోడ దూకారంటే కేసు మీ మీదే అవుతుందన్నారు. వాచ్‌మన్ భార్య సత్తుగిన్నెలో నీళ్లు పోసి, కర్రతో మెల్లగా గౌరి ముందుకు నెట్టింది. ఆ తల్లికి నేను రుణపడి ఉన్నాను. పదకొండింటికి ఓనరు తిరిగి ఫోన్ చేశాక గేటు తీశారు. కాలు విడిపించడానికి రెండు నిమిషాలు పట్టింది. అప్పటికే గాయం లోతుకు దిగిపోయి ఏడు కుట్లు పడ్డాయి.

ఆ తర్వాత చట్టం ఏం చెబుతుందో తెలుసుకున్నాను. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం ఒకరి స్థలంలోకి వెళ్లినంత మాత్రాన నేరం కాదు. నేరం చేయాలనో, అక్కడున్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. తన కుక్క కోసం వెళ్లినవాడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? కానీ ఆ మాట రుజువు చేసుకునేది కేసు పడ్డాక. పైగా నేరం కాకపోయినా, అనుమతి లేకుండా వచ్చాడని ఓనరు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు.

పశువుల విషయంలో మనకు ఈ తికమక లేదు. చేలో పడ్డ గేదెను బందెలదొడ్డికి తోలడం, జరిమానా కట్టి విడిపించుకోవడం గురించి 1871లోనే చట్టం చేశారు. అందులో గొర్రె, మేక, పంది దాకా ఉన్నాయి. కుక్క లేదు.

మా అబ్బాయి ఉండే అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో దీనికి రాతపూర్వకమైన పద్ధతి ఉంది. వేటకుక్క పరాయి భూమిలోకి పోతే, వేటగాడు దాన్ని తెచ్చుకోవడానికి వెళ్లొచ్చు. తుపాకీ, విల్లు పట్టుకెళ్లకూడదు. బండి తీసుకెళ్లాలంటే ఓనరు ఒప్పుకోవాలి. ఎవరు నువ్వని ఓనరు అడిగితే చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం. మనకు ఆ వేట అక్కర్లేదు గానీ, ఆ షరతులు మాత్రం బాగున్నాయి.

భూమి ఉన్నవాళ్ల బాధ నాకు తెలియక కాదు. పద్మనాభం దగ్గర మా మావయ్యగారి జీడితోటలో ఎవరివో కుక్కలు పడి రెండు మేకపిల్లల్ని చంపాయి. ఆ కుక్కల తాలూకు మనిషి ఈరోజుకీ రాలేదు. అందుకే కుక్క కోసం వచ్చేవాడు ముందు నష్టం కట్టాలి, తర్వాతే కుక్కను తీసుకెళ్లాలి. అలాగని కుక్క కనబడగానే విషం పెట్టేవాళ్లు అదే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చని తెలుసుకోవాలి. అడవిపందుల కోసం కరెంటు తీగలు పెట్టే తోటలున్నాయి కాబట్టి చీకట్లో ఎవరూ సొంతంగా లోపలికి వెళ్లకూడదని కూడా నేనే అంటాను. కంబాలకొండ అభయారణ్యం సంగతి వేరు. అక్కడికి కుక్క పోతే వెంటనే అటవీ శాఖకు చెప్పాల్సిందే, లోపల జింకలున్నాయి.

నేను అడిగేది పెద్ద చట్టమేమీ కాదు. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), పోలీసులు కలిసి ఒక సర్క్యులర్ ఇవ్వాలి. కుక్క యజమాని పేరు, ఫోన్ నంబరు, టీకా కార్డు చూపిస్తే, వాచ్‌మన్ తోడుగా పగటిపూట లోపలికి వెళ్లనివ్వాలి. ఓనరు ఫోన్ ఎత్తకపోతే గంటలోగా ఒక కానిస్టేబుల్ వచ్చి దగ్గరుండి గేటు తీయించాలి. వాచ్‌మన్ ఉద్యోగానికి ముప్పు రాకుండా అతని చేతికి ఒక కాగితం ఇవ్వాలి. ఖాళీ లేఅవుట్ల గేట్ల మీద ఓనరు నంబరు రాయించాలి.

నా వంతుగా గౌరికి కొత్త బెల్టు కొన్నాను, దాని మీద నా ఫోన్ నంబరు చెక్కించాను. మళ్లీ దీపావళి వచ్చేలోగా ఆ సర్క్యులర్ రావాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
మధురవాడ, విశాఖపట్నం