మోసగాడి కథకి మళ్లీ మసాలా ఎందుకు?

సంపాదకులకు,

ఆమధ్య మీ ఆదివారం అనుబంధంలో రిచర్డ్ గేర్ నటించిన ‘ది హోక్స్’ (2006) సినిమాకి ‘అక్షరాలా జరిగిన కథ’ అని కితాబిచ్చారు. ఎవరైనా సవరిస్తూ రాస్తారేమోనని చూశాను. ఎవరికీ పట్టినట్టు లేదు.

అక్షరాలా జరిగిన కథకైతే సినిమావాళ్లు చెయ్యి పెట్టక్కర్లేదు. అసలు జరిగింది ఇదీ. సినిమాలో గేర్ వేసిన పాత్ర, క్లిఫర్డ్ ఇర్వింగ్ అనే అమెరికన్ నవలాకారుడు, 1971లో మెక్‌గ్రా హిల్ అనే పుస్తకాల ప్రచురణ కంపెనీ వాళ్లని బుట్టలో వేశాడు. ఎవరికీ కనబడకుండా బతుకుతున్న కుబేరుడు హోవార్డ్ హ్యూస్ తనచేత ఆత్మకథ రాయిస్తున్నాడని నమ్మించాడు. హ్యూస్‌ని కలిసిందే లేదు. పత్రికలో అచ్చయిన ఆయన చేతిరాత చూసి, ఉత్తరాలు తనే రాసుకున్నాడు. పేరుమోసిన నిపుణులు వాటిని అసలువేనని సర్టిఫై చేశారు! బేరం 7,65,000 డాలర్ల దాకా పోయింది. హెచ్.ఆర్. హ్యూస్ పేరున వచ్చిన చెక్కుల్ని ఇర్వింగ్ భార్య ఈడిత్, స్విట్జర్లాండ్ బ్యాంకులో హెల్గా ఆర్. హ్యూస్‌గా ఖాతా తెరిచి జమ చేసుకుంది. ఈ హెల్గా ఎవరమ్మా అని అడిగిన నాథుడు లేడు.

1972 జనవరి 7న హ్యూస్ ఏడుగురు విలేకరులతో ఫోన్లో మాట్లాడి, ఆ ఇర్వింగ్ ఎవరో తనకి తెలియదన్నాడు. ఒకప్పుడు సినిమాలు తీసినవాడు కదా, ఇంత విపరీతమైన స్క్రిప్టు తానెప్పుడూ చూడలేదని, ఇంకా ఆ ఫీల్డులో ఉంటే బాగుండేదని కూడా అన్నాడు.

అంతటి కథ చేతికొస్తే దర్శకుడు లాసె హాల్‌స్ట్రోమ్ చేసిన నిర్వాకం ఏమిటి? స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో కాపురమున్న మనిషిని తెచ్చి న్యూయార్క్ శివార్లలో పడేశాడు. హ్యూసే రహస్యంగా ఫైళ్లు పంపించి అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి చెక్ పెట్టినట్టు, ఆ తీగ లాగితే ఆయన పదవికి ఎసరు పెట్టిన వాటర్‌గేట్ కుంభకోణం డొంక కదిలినట్టు అల్లాడు. సగం నుంచి కిడ్నాపులు, భ్రమలు. దాంతో మోసగాడు కాస్తా పెద్దల ఆటలో పావు అయిపోయాడు. వెనకా ముందూ చూడకుండా డబ్బు గుమ్మరించిన పబ్లిషర్లు, నకిలీని అసలన్న నిపుణులు తేలిగ్గా తప్పించుకున్నారు. 17 నెలలు జైల్లో ఉండి వచ్చిన ఇర్వింగే, ఈ సినిమాతో తనకేం సంబంధం లేదని, సలహాదారుగా తన పేరు తీసేయమని అడిగాడు. అబద్ధాల్లో పండిపోయినవాడికే మింగుడుపడలేదు, మీ సమీక్షకుడికి మాత్రం బాగానే అరిగింది.

మన బయోపిక్కులదీ ఇదే తంతు. మొదట్లో ‘అంతా కల్పితం’ అని కంటికి ఆనని అక్షరాల్లో వేస్తారు, ప్రమోషన్లలో ‘ప్రతి సీనూ నిజం’ అంటారు. పత్రికలు రెండో మాటే అచ్చేస్తాయి. ఒకప్పుడు ప్రూఫ్ రీడర్లు ఉండేవాళ్లు, తారీఖు తప్పితే నిలదీసేవాళ్లు.

పోనీ పుస్తకం చూసి తెలుసుకుందామంటే మా ఊరి గ్రంథాలయంలో ఇంగ్లిష్ బీరువాకి తాళం, తాళంచెవి ఉన్నాయన సెలవు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మాత్రం ఠంచనుగా గుంజుతున్నారు. ఆ డబ్బు ఎక్కడికి పోతోందో మీ విలేకరిచేత ఒకసారి రాయించండి. దాంతోపాటు ‘ది హోక్స్’ సవరణ కూడా వేయండి. సినిమా ప్రకటనలు పోగా మిగిలిన మూల ఎక్కడున్నా సరే.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా