సుబ్బు ఏదో అన్నాడు

చిట్టితల్లీ,

ఎలా ఉన్నావు? బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నావా, మీటింగుల హడావుడిలో మళ్లీ మానేశావా? మీ అమ్మ పొద్దున్న లేస్తే ఇదే అడుగుతోంది. ఫోన్ చేస్తే "ఫైళ్లు చూస్తున్నాను నాన్నా, తర్వాత చేస్తా" అంటావు, ఆ తర్వాత నెలయినా ఫోన్ రాదు. అందుకే రాస్తున్నాను, ఇంకేమీ లేదు.

మొన్న సుబ్బు వచ్చాడు. నువ్వు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ (వీసీ) పదవికి రాజీనామా చేసి పట్టభద్రుల ఎమ్మెల్సీకి నిలబడుతున్నావని ఎవరో అన్నారట. దాని గురించి అడగడానికి కాదులే ఈ ఉత్తరం. నిజమైతే నువ్వే చెప్తావు.

ఈ మధ్య కట్టమంచి రామలింగారెడ్డి గారి గురించి మళ్లీ చదువుతున్నాను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే కదా. అప్పటికే మైసూరులో విద్యాశాఖ నడిపారు, మద్రాసు శాసనమండలిలో కూర్చున్నారు, అంటే చదువూ రాజకీయమూ రెండూ చూసినవారు. 1930లో ప్రభుత్వం సాగిస్తున్న అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. తర్వాత రాధాకృష్ణన్ గారు ఆ బాధ్యత తీసుకున్నారు. 1936లో రెడ్డి గారు మళ్లీ అక్కడికే వచ్చి 1949 దాకా ఉన్నారు. ఎందుకు వెళ్లారో నలుగురికీ తెలుసు కాబట్టే తిరిగి తలెత్తుకుని రాగలిగారని నాకనిపిస్తుంది. సుబ్బు మాట నిజమే అయితే నీ కారణం ఏమిటమ్మా? ఖాళీ పోస్టులు నింపనివ్వట్లేదని విసుగొచ్చిందా? ఎవరైనా ఏమైనా అన్నారా?

సరే, వదిలేయ్. రాజత్త నిన్ను అడిగినట్టు చెప్పమంది. దాని సంగతి నీకు పూర్తిగా తెలీదేమో. ఇంటర్ మధ్యలో ఆపించి పెళ్లి చేసేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, చదువుకున్న ఆడవాళ్లు ఎవరైనా ఇంటికొస్తే లోపలికి వెళ్లిపోయేది. 1982లో జి. రామ్‌రెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్‌గా సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయం పెట్టారు, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాస్తే డిగ్రీలో చేరొచ్చన్నారు. ఆ సంగతి పేపర్లో చూసి దానికి చెప్పింది నేనే, మీ మామయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. పరీక్ష రాసింది. ఆదివారాలు చిన్నవాణ్ణి మా ఇంట్లో వదిలి క్లాసుకి వెళ్లేది, వాడు ఏడిస్తే నువ్వు నీ బొమ్మలన్నీ వాడి ముందు పోసేదానివి. ఎకనమిక్స్‌లో ఒకసారి తప్పింది, మళ్లీ కట్టింది, పాసయింది. ఆ పట్టా పట్టుకుని ఉద్యోగం సంపాదించి, పిల్లలిద్దర్నీ చదివించింది. రామ్‌రెడ్డి గారు తర్వాత ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ మొదటి వీసీ అయ్యారు, విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) చైర్మన్ కూడా అయ్యారు. కానీ నాకు ఆయన పేరు వింటే ముందు గుర్తొచ్చేది రాజీ.

నువ్వు మీ యూనివర్సిటీలో మొదలుపెట్టిన పనులూ అలాంటివే. జవాబుపత్రాలు కంప్యూటర్ మీద దిద్దించడం, ఫలితాలు చెప్పిన తేదీకి ఇవ్వడం, ఇవి బయటివాళ్లకి చిన్నవిగా కనపడతాయి. ఫలితాలు ఆలస్యమై పైచదువు సీటు పోగొట్టుకున్న పిల్లవాణ్ణి అడిగితే తెలుస్తుంది. సగంలో వదిలితే, వచ్చేవాళ్లు మొదట ఆపేసేది అదే. ఎమ్మెల్సీ అయితే ఆరేళ్లుంటావు, నిజమే, వీసీ కంటే ఎక్కువే, కానీ మండలిలో ప్రశ్న అడగగలవు, ఫైలు మీద సంతకం పెట్టలేవు. వెళ్లొద్దనడం లేదు. నీలాంటివాళ్లు అక్కడా ఉండాలి. వెళ్లేముందు ఆ పరీక్షల పని ఎవరి చేతిలో పెడుతున్నావో చూసుకో, రూల్స్ కాగితం మీదకి ఎక్కించు, పాలకమండలి చేత ఆమోదముద్ర వేయించు. ఎందుకు వెళ్తున్నావో నీ స్టూడెంట్స్‌కి నువ్వే చెప్పు, పేపర్లో చూసి తెలుసుకోనివ్వకు.

చూశావా, దాని గురించి రాయనని మళ్లీ అదే రాశాను. అర్ధరాత్రి దాకా ఫైళ్లు చూడకు. కళ్లజోడు మార్చాలని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. డ్రైవర్ లేని రోజు రాత్రిపూట నువ్వు కారు తీయొద్దు.

రాజీనామా ఉత్తరం రాసి ఉంటే, పంపేముందు నాకొకసారి చదివి వినిపించు, భాష సరిచేస్తాను. రాయకపోతే ఆ ముక్కే ఫోన్‌లో చెప్పు, మీ అమ్మ నిశ్చింతగా నిద్రపోతుంది.

నాన్న