మంత్రి గారూ, ఒకసారి మా తీర్మానాల పుస్తకం చూడండి

మున్సిపల్ పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి, విశాఖపట్నం కంచరపాలెం నుంచి నమస్కారాలు.

నేను పట్టణాల్లో పొదుపు సంఘాలు చూసే మెప్మా ఉద్యోగిని కాదండి, సంఘాల మధ్య తిరిగే ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని) కూడా కాదు. మా వీధిలో రెండు, మా పిన్ని వాళ్ల పెదజాలారిపేటలో ఒకటి, మొత్తం మూడు పొదుపు సంఘాలకి పుస్తకాలు రాస్తాను. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మా అమ్మ సంఘంలో లెక్క తేలక గొడవైతే నన్ను పిలిచి కూర్చోబెట్టారు, అప్పట్నుంచి తొమ్మిదేళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎందుకు కట్టలేకపోయారు, ఏ నెలలో ఎవరింట్లో ఏం జరిగింది, అన్నీ నా చేత్తో రాసినవే. అందుకే మీకు నేరుగా రాసే ధైర్యం చేస్తున్నాను.

మీ సభల్లో పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫోటో దిగుతారు, ఈ ఏడాది సంఘాలకి ఇన్ని కోట్ల లింకేజీ, అంటే బ్యాంకు లోన్లు, ఇచ్చామని మైకులో చదువుతారు. మా వాళ్లు కూడా ఆ ఫోటోల్లో ఉన్నారు. డబ్బు నిజంగానే వచ్చింది. ఆస్తి కాగితం లేకుండా బ్యాంకు వడ్డీకి అంత డబ్బు చేతికి రావడం మా అమ్మమ్మ కాలంలో ఊహకి అందని సంగతి, ఆ మేలు ఎప్పటికీ మర్చిపోం. నా బాధల్లా ఆ తర్వాత ఏం జరిగిందని ఎవరూ అడగకపోవడం గురించే. ఇచ్చిన రోజు లెక్క ఉంటుంది, వసూలు లెక్క ఉంటుంది, ఈ రెండింటి మధ్యలో ఆ ఇల్లు ఏమైందో రాయడానికి నేను నింపిన ఒక్క ఫారంలోనూ గడి లేదు.

ఆ గడిలో ఉండాల్సింది ఏమిటో నేను చెబుతాను. మా సంఘానికి కిందటిసారి 8 లక్షలు వచ్చింది, పదిమందికి తలా 80 వేలు, 24 నెలల్లో తీర్చాలి, అంటే వడ్డీతో కలిపి మనిషికి నెలకి 3,700 దాకా పడుతుంది. ఒకామె కూతురి నర్సింగ్ ఫీజు కట్టింది, ఒకామె కుట్టుమిషను కొనుక్కుని జాకెట్లు కుడుతోంది, ఇద్దరు ఇల్లు బాగుచేయించుకున్నారు, నలుగురు మాత్రం ఆ డబ్బు పట్టుకెళ్లి అంతకుముందున్న వారం ఫైనాన్స్ అప్పులు తీర్చేశారు. అది కూడా మంచి పనే, ఎక్కువ వడ్డీ పోయి తక్కువ వడ్డీ వచ్చిందని అందరం సంతోషించాం. పద్నాలుగు నెలలు తిరిగేసరికి పదిమందిలో ఐదుగురు మళ్లీ వారం ఫైనాన్స్ తీసుకున్నారు. ఎందుకో తెలుసా అండీ? సంఘం వాయిదా కట్టడానికి. మన వసూలు పుస్తకంలో మాత్రం ఆ ఐదుగురూ ఒక్క నెల కూడా తప్పలేదు. నూటికి నూరు శాతం రికవరీ అని మా సంఘానికి మంచి గ్రేడు కూడా వచ్చింది.

వారం ఫైనాన్స్ కాక రోజువారీ ఫైనాన్స్ కూడా ఉంది, అది ఎలా ఉంటుందో మీ ఆఫీసులో ఎవరైనా లెక్క వేసి చూపించారో లేదో. కాగితం మీద 10,000 అప్పు, చేతికి ఇచ్చేది 8,500, తర్వాత రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ అసలు బాకీ రోజురోజుకీ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి నిజంగా మన చేతిలో సగటున నాలుగు వేల చిల్లరే ఉంటుంది, దాని మీద వంద రోజులకి 1,500 అంటే ఏడాదికి నూటికి నూరు రూపాయలు దాటిపోతుంది. ఈ లెక్క నేను బోర్డు మీద వేసి చూపించినప్పుడు మా రెండో లీడరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "తెలీక తీసుకోలేదమ్మా, ఆ రోజు ఇంకెవరూ ఇవ్వలేదు." ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మా వాళ్లకి ఆర్థిక అక్షరాస్యత లేదని క్లాసులు పెడతారు, పెట్టండి, కానీ తెలివి తక్కువై ఎవరూ అప్పులో పడలేదు. వచ్చే డబ్బు రోజూ ఒకలా రాదు, కట్టే డబ్బు మాత్రం ప్రతి నెలా ఒకేలా ఉంటుంది, చిక్కంతా అక్కడే వస్తోంది.

పెదజాలారిపేట సంఘాన్నే చూడండి. అందులో ఆరుగురు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వేలంపాటలో చేపలు కొనుక్కొచ్చి వీధులు తిరిగి అమ్మేవాళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అది చేపలు గుడ్లు పెట్టే కాలమని, సముద్రం బాగుంటేనే మనం బాగుంటామని వాళ్లకి మనకంటే బాగా తెలుసు. వేటకెళ్లే మత్స్యకారుడికి ఆ రెండు నెలలకి భృతి ఉంది. భర్త లేక గంప మీదే బతికే ఆడమనిషికి ఆ జాబితాలో చోటు దొరకదు. సంఘం వాయిదా మాత్రం మే నెలలో కూడా అదే తారీకున, అంతే మొత్తం కట్టాలి. పంట అప్పు కోతలయ్యాక తీర్చేలా పెడతారు కదా, సముద్రం మీద బతికేవాళ్లకి ఆ రెండు నెలలు వాయిదా ఆపి చివర్లో కలిపితే బ్యాంకుకి పోయేదేముంది? మాఫీ అడగడం లేదండి. దయచేసి ఆ మాట సభల్లో అనొద్దు కూడా, మాఫీ అన్న మాట గాల్లో వినబడితే చాలు సంఘంలో కట్టేవాళ్లు కూడా ఆగిపోతారు, ఆ తర్వాత పెరిగిన వడ్డీకి నేను పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. మా వాళ్లు కడతారు. కట్టగలిగే నెలలో కట్టించుకోమంటున్నాం, అంతే.

ఇంకో ముఖ్యమైన సంగతి, నాకైతే అన్నిటికంటే ముఖ్యమైనది, పొదుపు డబ్బు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను పదో తరగతి. మా ఇంటి రేకులు మొత్తం లేచిపోయాయి. కరెంటు లేదు, ఏటీఎంలు లేవు, మా అమ్మ పనిచేసే ఇళ్లవాళ్లే ఊరొదిలి వెళ్లిపోయారు. అప్పుడు సంఘం వాళ్లు కొవ్వొత్తి వెలుగులో కూర్చుని, నెలనెలా వేసుకున్న పొదుపులోంచి, అంతర్గత అప్పు కింద మా అమ్మకి 5,000 ఇచ్చారు. కాగితం లేదు, జామీను లేదు, పుస్తకంలో ఒక వరుస రాసి పదిమందీ సంతకాలు, వేలిముద్రలు వేశారంతే. ఆ డబ్బుతోనే మా నెత్తి మీదికి రేకులు వచ్చాయి. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, నేను పుస్తకాలు తీసుకున్న రోజున మొదట వెతికింది దాన్నే.

ఇప్పుడు అలాంటి అవసరం వస్తే మా సంఘం ఇవ్వగలిగేలా లేదు. పొదుపు లేక కాదు. లోను ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్లు మా పొదుపు ఖాతాని హోల్డ్‌లో పెట్టేశారు, లోను తీరేదాకా తీయడానికి లేదన్నారు. లోను తీరగానే ఇంకో లోను ఇస్తారు, మళ్లీ హోల్డ్. అంటే మా డబ్బు మాకు ఎప్పటికీ అందదు, మా డబ్బు ఖాతాలో పడుండగా మేం వీధి చివర రోజుకి వంద కట్టే అప్పు తెచ్చుకోవాలి. పల్లెల్లో జాతీయ జీవనోపాధుల మిషన్ కింద ఉన్న సంఘాలకి 10 లక్షల దాకా అప్పుకి తాకట్టు అడగకూడదని, పొదుపు ఖాతా మీద పట్టు పెట్టకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే రాసి ఉంది. పట్నంలో ఉన్న మా సంఘాలకి కూడా అదే మాట కాగితం మీద ఇప్పించండి. బ్యాంకర్ల సమావేశంలో మీరు ఒక్కసారి గట్టిగా అడిగితే ప్రతి బ్రాంచికీ ఆ కాగితం చేరుతుంది. ఈ ఉత్తరంలో ఒక్కటే పని చేయగలను అని మీరంటే, ఇదే చేయండి.

అసలు ఈ ఉద్యమం మొదలైంది అప్పుతో కాదు కదండీ. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, ఆ డబ్బు ఇంట్లో మిగిలితే రోజుకో రూపాయి దాచుకుందామనుకున్నారు, పొదుపు సంఘాలు అలా ఊపందుకున్నాయి. పొదుపు, క్రమం తప్పని సమావేశం, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అని పంచసూత్రాలు మాకు ట్రైనింగులో నేర్పారు. ఇప్పుడు మిగిలింది నాలుగోది ఒక్కటే. సమావేశం సంతకాల కోసం జరుగుతోంది, పుస్తకం లోను టైముకి మాత్రమే బయటికి వస్తోంది.

ఇందులో మా తప్పూ ఉంది, దాచను. నేను చూసిన ఒక సంఘంలో లీడరు ముగ్గురు సభ్యుల పేరు మీద వచ్చిన డబ్బు తానే వాడుకుంది, వాళ్లకి చీర, రెండు వేలు ఇచ్చి సంతకం పెట్టించుకుంది. ఆమె కట్టలేకపోయేసరికి ఆ ముగ్గురూ బాకీదారులయ్యారు. పుస్తకం ప్రతి నెలా అందరి ముందూ గట్టిగా చదివి ఉంటే అది జరిగేది కాదు. ఆర్పీ వచ్చి చదివించాలి, కానీ వాళ్లకి సర్వేలు, యాప్‌లు, సభలకి మనుషుల్ని తేవడం, ఇవన్నీ అప్పగించేసి సంఘం దగ్గర కూర్చునే టైమే లేకుండా చేశారు. నెలలో ఇన్ని రోజులు ఆర్పీ సంఘాల సమావేశాల్లో తప్ప ఇంకెక్కడా ఉండకూడదని ఒక ఆర్డరు వేయండి, అదీ సాయంత్రం ఆరు తర్వాత, ఎందుకంటే మధ్యాహ్నం మీటింగ్ పెడితే ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అడ్డా మీద కూలికెళ్లేవాళ్లు రారు, వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి పోతుంది.

బీమా గురించి ఒక మాట. 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, ఏది కట్టినా రెండేసి లక్షలు. మా వాళ్లందరి చేతా ఒకప్పుడు సంతకాలు పెట్టించారు. మా వీధిలో తాపీ పనిచేసే ఒకాయన మూడో అంతస్తు సారువ మీంచి పడి చనిపోయాడు. ఆయన భార్య పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెడితే, మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు లేక ఆ ఏడాది బీమా కట్ అవలేదు. ఇరవై రూపాయలండీ. ఆ పాస్‌బుక్ ఆమె చేతికి తిరిగి ఇస్తూ ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అప్పట్నుంచి మే మూడో వారంలో మూడు సంఘాల్లోనూ ప్రతి ఇంటి ఖాతాలో, భార్యదీ భర్తదీ రెండూ, డబ్బు ఉందో లేదో నేనే అడిగి రాసుకుంటున్నాను. ఇది ఒక అరగంట పని. నగరంలో ఉన్న ప్రతి సంఘం మే నెల సమావేశంలో ఇది చేయాలని మీరు చెబితే చాలు, రూపాయి ఖర్చు లేదు.

మైక్రోఫైనాన్స్ వాళ్ల విషయంలో 2010లో మన రాష్ట్రం ఎంత పోగొట్టుకుందో మీకు చెప్పక్కర్లేదు, ఆ అక్టోబరులో వాళ్లని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తెచ్చే దాకా వచ్చింది. ఇప్పుడు 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు, ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు, అప్పు కార్డు మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి, ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. మా వీధిలో కలెక్షన్ కుర్రాడు ఏడింటికే గుమ్మం ముందు నిలబడతాడు, పిల్లలు బడికి వెళ్తూ అతన్ని దాటుకుని వెళ్లాలి. ఫిర్యాదుకి 14448 నంబరు ఉందని మా సంఘంలో ఒక్కరికీ తెలియదు, నేను చెప్పేదాకా. ఈ నాలుగు ముక్కలూ పెద్ద అక్షరాలతో తెలుగులో ప్రతి వార్డు సచివాలయం గోడ మీద రాయించండి. వారానికి ఒక సాయంత్రం అక్కడే ఒక మనిషిని కూర్చోబెట్టండి, అప్పుల కాగితాలు తెచ్చుకుంటే చదివి చెప్పే మనిషిని, ఏది ముందు తీర్చాలో, ఏది చట్టం ఒప్పుకోని అప్పో చెప్పే మనిషిని. లోను ఇప్పించే వాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు, అప్పులోంచి బయటపడే దారి చెప్పేవాళ్లే లేరు.

ఇవేవీ కొత్త పథకాలు కావు, కొత్త పేరు పెట్టాల్సిన పనీ లేదు. వచ్చే సమీక్షలో మీ అధికారులు ఎన్ని కోట్లు ఇచ్చామో చెప్పినప్పుడు, ఆ ఇళ్లల్లో ఏడాది తర్వాత బయటి అప్పు ఎంత తగ్గిందో కూడా అడగండి. మొదట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. రెండోసారి కూడా అడిగితే, మూడోసారికి ఎవరో ఒకరు మా దగ్గరికి వచ్చి రాసుకుని వెళ్తారు.

మా సంఘం ప్రతి నెలా 10వ తారీకు సాయంత్రం ఏడింటికి రామాలయం అరుగు మీద కూర్చుంటుంది. వైజాగ్ వచ్చినప్పుడు వీలైతే ఒకసారి రండి, ముందుగా ఎవరికీ చెప్పకుండా వస్తే మరీ మంచిది, లేకపోతే షామియానా వేసేస్తారు. పాత పుస్తకాలన్నీ తెచ్చి పెడతాను. హుద్‌హుద్ నాటి పేజీ మీకు చూపించాలని ఉంది.

ఇట్లు,
కంచరపాలెం నుంచి, మూడు సంఘాల పుస్తకాలు రాసే అమ్మాయి