ఆదివారం మేడ మీద: యంత్రానికి అర్థమవుతుందా?

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 6కి మన చర్చ మామూలుగానే బ్రాడీపేటలో మా మేడ మీద. గుంటూరు ఎండ సంగతి తెలిసిందేగా, ముందే వస్తే పిట్టగోడ కాలుతుంది.

మొన్న మా అమ్మ ఫోన్‌లో చాట్‌బాట్‌ను గోంగూర పచ్చడి ఎందుకు బూజు పట్టిందని అడిగింది. తడి చెంచా పెట్టి ఉంటారంది అది. "నిజమే తల్లీ, నేనే పెట్టాను" అని, ఫోన్ పక్కన పెడుతూ "ఉంటానమ్మా" అంది. ఇంట్లో ఎవరి ముందూ తప్పు ఒప్పుకోని మనిషి! ముందు నవ్వొచ్చింది గానీ, తర్వాత అమ్మ మాట దానికి నిజంగా అర్థమైందా అని ఆలోచనలో పడ్డాను.

1980లో జాన్ సెర్ల్ అనే అమెరికన్ తత్వవేత్త ఒక గదిని ఊహించమన్నాడు. చైనీస్ ముక్క రాని మనిషి లోపల కూర్చుని, రూల్స్ పుస్తకం చూసి, బయటి నుంచి వచ్చిన చైనీస్ ప్రశ్నలకు సరైన గుర్తులు పేర్చి పంపుతుంటాడు. బయటివాళ్లు అతనికి భాష వచ్చనుకుంటారు. అతనికి ఒక్క మాటా తెలియదు. కంప్యూటరూ అంతేనంటాడు సెర్ల్. మనిషికి రాకపోయినా గది మొత్తానికి వచ్చినట్టే కదా అని వాదించినవాళ్లూ ఉన్నారు. నాకైతే అది మింగుడుపడదు. మన మాస్టారు దాని పక్షమే కాబట్టి గొడవ ఖాయం.

మిర్చి బజ్జీలు ఏడున్నర దాటాకే. పోయినసారి ముందొచ్చి చర్చను మింగేశాయి. వచ్చేవాళ్లు శనివారం లోపు చెప్పండి, శనగపిండి తెప్పించాలి.