క్రషర్ నోట్లో పడుతున్న సముద్రం

సంపాదకులకు నమస్కారం.

మా కోనసీమలో గులకరాయి కావాలన్నా లారీ మీద రావలసిందే. నుయ్యి తవ్వినా, చెరువు తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమట్టి తప్ప రాయి తగలదు. అందుకే మా వీధి రోడ్డుకు పోసిన కంకర కుప్పలో, నల్లరాళ్ల నడుమ తెల్లటి సున్నపురాయి గడ్డ కనబడితే చేతిలోకి తీసుకున్నాను. దాని ఒక పక్కన చిటికెన వేలి గోరంత గుల్ల అచ్చు ఉంది, మరమేకులా మూడు చుట్లు తిరిగి. నీళ్లతో కడిగితే పక్కనే మరో రెండు బయటపడ్డాయి. లారీ డ్రైవరును అడిగితే ‘పంగిడి వైపు రాయండీ’ అన్నాడు. ‘ఇలాంటివి వస్తూనే ఉంటాయండి, మిషనులో పడితే పొడే కదా’ అని కూడా అన్నాడు. ఆ రెండో మాట వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాజమహేంద్రవరం చుట్టుపక్కల పంగిడి, గౌరీపట్నం, కాతేరు ప్రాంతాల నల్లరాయి మామూలు రాయి కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు ఉబికిన లావా అది. అప్పటి నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి ఈ తీరానికి చేరిందని, ఇంత దూరం పారిన లావా భూమి మీద మరెక్కడా తెలియదని శాస్త్రజ్ఞులు రాశారు. గోదావరి పుట్టిందీ ఆ కనుమల్లోనే కాబట్టి, నదికంటే ముందే నిప్పు ఈ దారి పట్టిందని మా ఇంట్లో అంటుంటాను. ఒక లావా ప్రవాహానికీ తర్వాతి దానికీ మధ్య ఉప్పునీరు మళ్లీ వచ్చి సున్నపురాయి పొరలు వేసింది. గుల్లలు ఆ పొరల్లోవే. డైనోసార్లు అంతరించిన కాలానికీ లావాకూ ఉన్న లంకె ఏమిటో చూడడానికి భూశాస్త్రజ్ఞురాలు గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల పొరలనే పరిశీలించి 2008లో పరిశోధనపత్రం ప్రచురించింది. ప్రపంచం వచ్చి చూసి వెళ్లిన పొరలు మనకు గోతుల్లోని తెల్లరాయి.

శిలాజమంటే మనకు తెలియనిదేమీ కాదు. మా దేవుడి గదిలో తాతగారు కాశీ నుంచి తెచ్చిన సాలగ్రామం ఉంది. అభిషేకం చేసి తుడిచేటప్పుడు రంధ్రంలో వేలికొన పెడితే, పక్కటెముకల్లాంటి గీతలు చుట్టగా తగులుతాయి. వజ్రకీటం తొలిచిందని నాయనమ్మ చెప్పేది. గండకీ నది తెచ్చే ఆ రాళ్లలో చాలావాటిలో ఉన్నది అమ్మోనైట్. హిమాలయాలు లేచిన చోట అంతకుముందు ఉన్న టెథిస్ సముద్రంలో, జురాసిక్ కాలంలో బతికిన ప్రాణి. స్క్విడ్, ఆక్టోపస్‌లకు బంధువు. గుల్లలో అర తర్వాత అర కట్టుకుంటూ ఎప్పుడూ ఆఖరి అరలోనే కాపురం ఉండేది. పురుగు తొలిచిందన్నా, జీవి కట్టుకున్నదన్నా, ఆ చుట్ట ఒక ప్రాణి చేసిన పనేనని మన పెద్దలు పట్టుకున్నారు. తక్కువ సంగతి కాదు.

నాకు దొరికింది అమ్మోనైట్ కాదు, జురాసిక్ నాటిదీ కాదు. జురాసిక్ ముగిసి 14.5 కోట్ల ఏళ్లయింది. జురాసిక్ అమ్మోనైట్లు కావాలంటే కచ్ వెళ్లాలి. మన రాష్ట్రంలో ప్రకాశం జిల్లా బుడవాడ రాళ్లలో దొరికినవి ఆ తర్వాతి క్రిటేషియస్ కాలానివి. పంగిడి లావా పారే రోజులకు అమ్మోనైట్ల వంశమే అంతరించే దశలో ఉంది. చుట్టలు తిరిగిన ప్రతి గుల్లనూ అమ్మోనైట్ అని, సాలగ్రామమని అంటగట్టేవారుంటారు కాబట్టి ఇది చెప్పవలసి వచ్చింది.

ఇంగ్లండులో లైమ్ రీజిస్ అనే సముద్రపు ఒడ్డు ఊరు ఉంది. జురాసిక్ అమ్మోనైట్లకు పేరు. మేరీ ఆనింగ్ (1799-1847) అనే పేదింటి అమ్మాయి అక్కడ శిలాజాలు ఏరి అమ్ముకుంటూనే శాస్త్రానికి గొప్ప దారి వేసింది. ఈనాటికీ అక్కడ కొండచరియను తవ్వనివ్వరు. ఒడ్డున రాలిపడినవి మాత్రం ఏరుకోవచ్చు, అరుదైనది దొరికితే నమోదు చేయించాలి. ఏరకపోతే అలలు అరగదీస్తాయి గనుక, ఏరడమే కాపాడడమని వాళ్ల లెక్క. మనకు అలల బదులు క్రషర్లున్నాయి. అంతే తేడా.

మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల (శిలాజాల వంటి భూచరిత్ర ఆనవాళ్లున్న చోట్ల) పరిరక్షణ బిల్లు ముసాయిదా ప్రకటించింది. చట్టం సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. క్వారీ లీజు ఇచ్చే జిల్లా అధికారులు ఈలోగా ఒక షరతు పెట్టవచ్చు కదా: గుల్లలున్న తెల్లపొర తగిలితే ఆ రాయిని క్రషర్లో వేయకుండా ఓ పక్కన పోయాలి. నెలకోసారి కళాశాల విద్యార్థులను, అధ్యాపకుల వెంట, హెల్మెట్లతో ఆ కుప్ప దగ్గరికి రానివ్వాలి. ఏరినవాటిని పెట్టడానికి రాజమహేంద్రవరంలో ఒక గది చాలు. పేలుళ్లు జరిగే గోతిలోకి ఎవరినీ దించమని నేను అనడం లేదు. 2027 పుష్కరాల రోడ్లకు, ఘాట్లకు ఇంకెన్ని లారీల రాయి కదులుతుందో తలచుకుంటే, ఈ షరతు ఈ ఏడాదే రావాలి.

గదికంటే ముఖ్యం చీటీ. ఏ గోతిలో, ఏ పొరలో, ఎంత లోతున దొరికిందో రాసిపెట్టకపోతే శిలాజం అలంకారపు రాయిగా మిగులుతుంది. నా గడ్డకు అంటించిన చీటీ మీద ‘పంగిడి వైపు, లారీ’ అని మాత్రమే ఉంది. గది తెరిచిన రోజున దాన్ని నేనే తెచ్చి ఇస్తాను. సాలగ్రామం మాత్రం ఇవ్వలేను, దానికి రోజూ నీళ్లు పోయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోనసీమ